గుంపుతో ఎక్కితే దెబ్బలు ఎక్కువ తగులుతాయా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఈ నెల రాక్ క్లైంబింగ్

ప్రశ్న: ఖాజాగూడ, మౌలాలి గుట్టల మీద ఎక్కే ఒక బృందంలో రెండేళ్ళుగా ఉన్నాను. పేర్లు రాయించుకున్నవాళ్ళం 200 మంది. పోయిన ఏడాది మాలో ఆరుగురికి దెబ్బలు తగిలాయి. ఎక్కువగా చీలమండ బెణుకులు, ఒకరికి మణికట్టు విరిగింది. ఎవరికి ఏమైనా సాయంత్రానికల్లా అందరి ఫోన్లకూ కబురు వచ్చేస్తుంది. మా ఆఫీసులో ఒక పదిమంది విడిగా వెళ్తుంటారు, వాళ్ళలో ఒక్కరికీ గీత కూడా పడలేదు. "ఆ గుంపులో చేరినవాళ్ళకే ఎందుకురా ఇన్ని దెబ్బలు, మానెయ్" అని మా అమ్మ పోరు. నాకూ ఆమె మాటే నిజమేమో అనిపిస్తోంది. — కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: మీ లెక్కలో లవం ఉంది, హారం లేదు. ఆరు దెబ్బలు అన్నారు. ఎన్నింటికి ఆరు? 200 మందికి అనకండి. పేరు రాయించుకుని, ఒక ఆదివారం వచ్చి, మోచేయి గీరుకుని మళ్ళీ ముఖం చూపించనివాళ్ళు ప్రతి బృందంలోనూ ఉంటారు. ఇంట్లో కూర్చున్నవాడికి బండ మీద దెబ్బ తగలదు. కాబట్టి హారంలో పెట్టాల్సింది బండ దగ్గర నిజంగా గడిపిన గంటలు.

లెక్క తెలియడం కోసం కొన్ని అంకెలు అనుకుందాం. మీ బృందంలో క్రమం తప్పకుండా వచ్చేవాళ్ళు 60 మంది, నెలకు రెండుసార్లు, వచ్చినప్పుడల్లా 3 గంటలు. ఏడాదికి 4,320 గంటలు అవుతుంది. ఆరు దెబ్బలంటే వెయ్యి గంటలకు సుమారు 1.4. మీ ఆఫీసువాళ్ళు పదిమంది, నెలకోసారి, 2 గంటలు. అది 240 గంటలు. మీకున్న ప్రమాదమే వాళ్ళకూ అచ్చంగా ఉందనుకున్నా వాళ్ళకు ఏడాదికి రావాల్సిన దెబ్బలు 0.33. మూడేళ్ళకు ఒకటన్నమాట. ఏ ఏడాదినైనా సున్నా రావడానికి నూటికి 72 వంతుల అవకాశం ఉంది. వాళ్ళ సున్నా వాళ్ళ జాగ్రత్తకు రుజువు కాదు, మీ ఆరు మీ అజాగ్రత్తకూ రుజువు కాదు. చిన్న అంకెలతో ఇంకో చిక్కు కూడా ఉంది. మీరు ఏమీ మార్చకపోయినా వచ్చే ఏడాది ఆ ఆరు మూడు కావచ్చు, పది కూడా కావచ్చు. మూడైతే బాగుపడ్డామనీ, పదైతే చెడిపోయామనీ అనుకోవద్దు.

ఇక కబురు సంగతి. మీ దగ్గర బెణికితే 200 మందికి తెలుస్తుంది. ఆఫీసు పదిమందిలో ఎవరికైనా బెణికితే వాళ్ళావిడకు తెలుస్తుంది, సోమవారం కుంటుతూ వస్తే పక్క సీటాయనకు తెలుస్తుంది, అంతే. దెబ్బల్ని దాచకుండా చెప్పుకునే బృందం బయటికి ఎప్పుడూ ఎక్కువ ప్రమాదకరంగానే కనిపిస్తుంది. అలా చెప్పుకోవడమే మంచిది. అమెరికన్ ఆల్పైన్ క్లబ్ 1948 నుంచి ఏటా పర్వతారోహణ ప్రమాదాల వివరాలు అచ్చువేస్తోంది. తాడు చివర ముడి వేయకపోవడం, దిగేటప్పుడు చేసే పొరపాట్లు ఆ వివరాల్లో ఏడాది తర్వాత ఏడాది మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి, అదీ అనుభవం ఉన్నవాళ్ళ పేరు మీద. చదివినవాళ్ళు జాగ్రత్తపడాలనే వాటిని అచ్చువేస్తారు.

బృందంలో చేరేవాళ్ళు ఎవరన్నదీ చూడాలి. ఈ పిచ్చి బాగా పట్టినవాళ్ళే చేరతారు. వాళ్ళు ఎక్కువసార్లు వెళ్తారు, కష్టమైన దారులు ఎంచుకుంటారు, లీడ్ చేస్తారు (పైనుంచి తాడు లేకుండా, దాన్ని దారిలో తగిలించుకుంటూ ముందు ఎక్కుతారు). చేరకపోయినా వాళ్ళు ఆ పనులు చేసేవాళ్ళే. జర్మనీలోని ఒక ఇండోర్ క్లైంబింగ్ కేంద్రంలో ఐదేళ్ళపాటు 5,15,337 రాకల్ని లెక్కపెడితే దెబ్బలు 30 తేలాయి, వెయ్యి గంటలకు 0.02. మీ 1.4ని దాని పక్కన పెట్టి కంగారుపడకండి. అక్కడ గోడ, పట్టు, కింద పరుపు అన్నీ మనిషి అమర్చినవి. పైగా ఏది 'దెబ్బ' కిందికి వస్తుందో వాళ్ళ నిర్వచనం వేరు, మీది వేరు. మీరు లెక్కలో చేర్చిన బెణుకుల్ని మరొకరు అసలు లెక్కపెట్టకపోవచ్చు.

కాబట్టి ఒక 200 పేజీల పుస్తకం కొనండి. తేదీ, చోటు, వచ్చినవాళ్ళు ఎందరు, ఎన్ని గంటలు, బౌల్డరింగా (తాడు లేకుండా చిన్న బండలెక్కడం) టాప్ రోపా (పైన కట్టిన తాడుతో ఎక్కడం) లీడా ర్యాపెలింగా (తాడు మీద దిగడం) అన్నవి ప్రతి ఆదివారం రాయండి, ఎవరికీ ఏమీ కాని ఆదివారం కూడా. ఆ రోజులు రాయకపోతే హారం మళ్ళీ పోతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చినా, మరుసటి రోజు పనికి వెళ్ళలేకపోయినా దాన్ని దెబ్బగా రాయాలని ముందే ఒప్పుకోండి. చర్మం గీరుకుంటే లెక్కలోకి రాదు. ఎడమ పేజీలో 'తృటిలో తప్పినవి' రాయండి: లాక్ వేయని కారబినర్ (తాడును తగిలించే లోహపు కొక్కెం) ఎక్కాక కనబడటం, తాడు నేలకు ఒక మీటరు పైన అయిపోవడం, బిలేయర్ (కింద నిలబడి ఎక్కేవాడి తాడు పట్టుకునే మనిషి) చెయ్యి తాడు వదిలేయడం, తలపక్క నుంచి రాయి పోవడం. ఆరు నెలలు తిరిగేసరికి ఆ ఎడమ పేజీయే మీకు ఎక్కువ నేర్పుతుంది, ఎందుకంటే అవి దెబ్బలకంటే ఎన్నో రెట్లు ఎక్కువసార్లు జరుగుతాయి. పేర్లు మాత్రం రాయకండి. పేరు రాస్తారని తెలిసిన రోజు నుంచి ఎవరూ నోరు విప్పరు.

ఇంతవరకూ మీ బృందం తరఫున మాట్లాడాం. మీ అమ్మగారి మాటలో ఉన్న నిజం కూడా చెప్పాలి. గుంపు వల్ల నిజంగానే పెరిగే ప్రమాదం ఒకటుంది. ఇద్దరే వెళ్తే ఇద్దరూ ముడి చూసుకుంటారు. పదిహేనుమంది వెళ్తే 'ఎవరో చూసే ఉంటారు' అనుకుంటారు. మంచు విరిగిపడిన ప్రమాదాల్ని పరిశీలించిన ఇయాన్ మెక్‌కామన్ ఈ వరసనే పట్టి చూపించాడు: అలవాటైన చోటు కదా, పక్కవాళ్ళు మెచ్చుకోవాలి కదా, ముందున్నాయనకు తెలుసు కదా, అందరూ చేస్తున్నారు కదా. మన గుట్టల మీద మంచు లేదు కానీ ఈ నాలుగు 'కదా'లూ ఉన్నాయి. పేరున్నవాళ్ళకూ ఇది తప్పలేదు. 1989లో ప్రపంచంలో మేటి క్లైంబర్ అనిపించుకున్న లిన్ హిల్ ఫ్రాన్స్‌లోని బ్యూక్స్‌లో 20 మీటర్లకు పైగా ఎత్తు నుంచి కింద పడింది. నడుముకూ తొడలకూ కట్టుకునే హార్నెస్‌కు తాడు దూర్చింది, మధ్యలో మాటల్లో పడి ముడి పూర్తి చేయలేదు. చెట్టు కొమ్మలు ఆపబట్టి బతికింది. ఆ ముడిని ఎవరైనా ఒకసారి చేత్తో పట్టుకుని చూసి ఉంటే ఆమె పడేది కాదు.

అందుకని ఎక్కేవాడు నేల వదిలేముందు ఒక్కరికే పని అప్పగించండి: బిలేయర్‌కి. పేరు పెట్టి, 'నువ్వు చూడు' అని. హార్నెస్ బకిల్, ముడి, బిలే పరికరంలో (బిలేయర్ తాడును ఆపే సాధనం) తాడు దిశ, కారబినర్ లాక్, తాడు చివర ముడి. కంటితో చూస్తే చాలదు, ప్రతిదాన్నీ వేలితో తాకాలి. కారబినర్‌ని నొక్కి చూడాలి. హార్నెస్‌కు కట్టే ఎనిమిది ముడిలో (8 అంకె ఆకారంలో ఉండేది) రెండేసి తాళ్ళు జంటలుగా ఐదు చోట్ల కనబడాలి, ముడి దాటి మిగిలే తోక కనీసం ఒక జాన ఉండాలి.

ప్రశ్న: ఆదివారం పొద్దున్నే కొత్తవాళ్ళు వస్తారు. "నాకు బిలే వచ్చు" అంటారు. నమ్మాలా? కాదంటే మనసు నొచ్చుకుంటారు. — మల్కాజిగిరి పాఠకురాలు

జవాబు: నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. ఐదు నిమిషాల పరీక్ష అందరికీ ఒకటే అని ముందే చెబితే ఎవరూ తమ ఒక్కరి గురించే అనుకోరు. ముందు నేల మీదే, పరికరంలో తాడు వాళ్ళనే దూర్చమనండి. మీరు ఏమీ చెప్పకండి. తర్వాత మీరు ఎక్కేవైపు తాడును చెప్పకుండా ఒక్కసారి గుంజండి. బ్రేక్ చెయ్యి (తాడును ఆపే చెయ్యి) తాడు మీదే ఉందా, కిందికి వెళ్ళిందా చూడండి. గుంజగానే చెయ్యి పైకి లేచి పరికరం మీదికి వస్తే ఆ మనిషికి ఇంకా రాలేదు. గ్రిగ్రీ లాంటి పరికరం ఉంది, అదే పట్టేస్తుందిలే అనే మాట వింటే కూడా ఆపండి. పరికరం ఏదైనా బ్రేక్ తాడు చేతిలోంచి పోకూడదు. భయపడినవాళ్ళు లివర్‌ని బిగించి పట్టుకుంటారు, అప్పుడు అది పట్టదు.

నేల మీద సరిగ్గా చేస్తే మొదటిసారి ఎక్కేటప్పుడు మూడో మనిషిని బ్రేక్ తాడు వెనక పట్టుకోమనండి. మూడు మీటర్లు ఎక్కి కూర్చోండి, దింపమనండి. దింపడం కుదుపుల్లేకుండా ఉంటే రెండోసారికి మూడో మనిషి అక్కర్లేదు. ఎక్కేవాళ్ళ బరువు బిలేయర్ బరువుకంటే మూడో వంతుకు మించి ఎక్కువైతే, ఎంత నేర్చినవాళ్ళనైనా కింద ఒక బండకో బరువుకో కట్టండి. లేకపోతే లీడ్ చేసేవాడు పడగానే బిలేయర్ ఎగిరి మొదటి క్విక్‌డ్రాకి (దారిలో తాడును తగిలించే కొక్కేల జంట) గుద్దుకుంటాడు.

మన దగ్గర ఒక సమస్య ప్రత్యేకం: భాష. ఒకరు తెలుగు, ఒకరు హిందీ, ఒకరు ఇంగ్లిష్. పైనుంచి 'తాడు!' అని అరిస్తే బిగించమనా, వదలమనా? గాలిలో 'టేక్' (బిగించు), 'స్లాక్' (వదులు) రెండూ ఒకలాగే వినబడతాయి. ఎక్కేముందు రెండే మాటలు ఒప్పుకోండి, 'బిగించు', 'వదులు' లాంటివి, మాట ముందు ఎప్పుడూ పేరు కలపండి. పక్క దారిలో ఎక్కేవాడి కేక విని మీ బిలేయర్ మిమ్మల్ని వదిలేయడం ఇలాగే జరుగుతుంది.

ప్రశ్న: 60 మీటర్ల తాడుతో ఎంత ఎత్తు వరకు ఎక్కవచ్చు? — ఒక విద్యార్థి, గచ్చిబౌలి

జవాబు: 30 మీటర్లకు లోపే. దింపేటప్పుడు తాడు పైకి ఒకసారి, కిందికి ఒకసారి వస్తుంది. 32 మీటర్ల దారికి మీకు 4 మీటర్లు తక్కువ పడుతుంది, ఆ 4 మీటర్లలో తాడు చివర బిలే పరికరంలోంచి జారిపోతుంది. వాడినకొద్దీ తాడు కుదించుకుపోతుంది, చివరలు అరిగితే కోస్తారు కూడా, అందుకే పాత 60 మీటర్ల తాడు 57 కావచ్చు. మధ్య గుర్తు నమ్మకండి, ఒకవైపు కోస్తే అది మధ్య కాదు. తాడు కొలిచి, చివర అరడుగు తోక వదిలి డబుల్ ఫిషర్‌మన్ ముడి వేస్తే ఈ ప్రమాదం దాదాపు ఉండదు.

ప్రశ్న: రాతిలో దిగగొట్టిన బోల్టులు లేని చోట పెద్ద బండకు స్లింగ్ (బలమైన పట్టీ) చుట్టి టాప్ రోప్ వేస్తుంటాం. సరైన పద్ధతేనా? — భువనగిరి నుంచి ఒకరు

జవాబు: బండను బట్టి ఉంటుంది. మన గ్రానైట్ 250 కోట్ల ఏళ్ళ నాటిది, గట్టిదే, కానీ ఉల్లిపొరల్లా పొరలు లేస్తుంది. అరచేయి ఆనించి ఇంకో చేత్తో పిడికిలితో కొట్టండి. డొల్ల చప్పుడు వచ్చినా, అరచేతికి అదురు తెలిసినా ఆ పొరను ముట్టుకోవద్దు. చుట్టే బండ ఆటోకంటే పెద్దదిగా, అడుగంతా నేలకు ఆనుకుని ఉండాలి. ఒకదాని మీద ఒకటి నిలబడ్డ బండలే హైదరాబాద్ అందం, వాటి మీద మాత్రం ఎంతమాత్రం బరువు వేలాడదీయకండి. వాలు మీద ఉన్న బండ ఎంత పెద్దదైనా పనికిరాదు.

ఒక్క బండ చాలదు, రెండింటికి వేరువేరుగా కట్టాలి, ఒకటి జారినా రెండోది పట్టేలా. రెండు పాయలూ కలిసేచోట కోణం 60 డిగ్రీలు దాటకుండా చూడండి. 60 దగ్గర ఒక్కో పాయ మీద మొత్తం బరువులో 58 శాతం పడుతుంది, 90 దగ్గర 71 శాతం, 120 దగ్గర పూర్తి 100 శాతం. ఆపైన ప్రతి పాయా మొత్తం బరువుకంటే ఎక్కువ మోయాలి. టాప్ రోప్‌లో ఎక్కేవాడి బరువుకు కిందనుంచి బిలేయర్ లాగుడూ కలుస్తుంది, కాబట్టి యాంకర్ (పైన బండలకు కట్టినదంతా) మీద దాదాపు రెట్టింపు పడుతుంది. పాయలు పొడుగ్గా ఉంటే కోణం దానంతట అదే తగ్గుతుంది. అందుకే చిన్న స్లింగులకంటే 15–20 మీటర్ల స్టాటిక్ (సాగని) తాడు మేలు.

కలిసే ముడి బండ అంచు దాటి కిందికి వేలాడాలి, అంచు మీదే ఉంటే తాడు రాయికి కోసుకుంటుంది. అంచు తగిలేచోట మందపాటి గోనెసంచి నాలుగు మడతలు వేసి జారకుండా కట్టండి. ఆ ముడిలో రెండు లాకింగ్ కారబినర్లు నోళ్ళు ఎదురెదురుగా పెట్టి, ఎక్కే తాడు వాటిలోంచే పోనివ్వండి. తాడును నేరుగా స్లింగ్‌లోంచి పోనిస్తే ఆ రాపిడి వేడికి స్లింగ్ కరిగి తెగిపోతుంది, ఒక్కసారి కిందికి దింపేలోపే. ఈ తప్పు చేసి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. యాంకర్‌కు కట్టిన స్టాటిక్ తాడును లీడ్‌కు మాత్రం వాడొద్దు, అది సాగదు, పడినప్పుడు ఆ కుదుపంతా నడుముకే తగులుతుంది.

ప్రశ్న: ఇంట్లో చోటులేక తాడు బ్యాగును ఇన్వర్టర్ పక్కన పెట్టేవాణ్ణి. తాడు చూడటానికి కొత్తదానిలాగే ఉంది. వాడొచ్చా? — దిల్‌సుఖ్‌నగర్ పాఠకుడు

జవాబు: వద్దు. బట్టలు ఆరేసుకునే దండెంగా కూడా ఎవరికీ ఇవ్వకండి, వాళ్ళు దేనికి వాడతారో తెలియదు. అడుగడుగు ముక్కలుగా కోసి పారేయండి. బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ యాసిడ్. ఒక చుక్క తాకినా తాడులోని నైలాన్ పుచ్చిపోతుంది, పైన రంగు మారదు, చేత్తో తడిమితే తెలియదు, శరీరం బరువుకే పుటుక్కున తెగుతుంది. మీ తాడుకు తగిలిందో లేదో ఇంట్లో పరీక్షించే దారి లేదు. హార్నెస్, స్లింగులు కూడా ఆ బ్యాగులోనే ఉండి ఉంటే అవీ అంతే. కొత్త తాడును అల్మారాలో, ఎండ తగలకుండా, ఫినాయిల్, యాసిడ్ సీసాలకు దూరంగా ఉంచండి. కారు డిక్కీలో పాత బ్యాటరీ మోసిన చోట కూడా పెట్టొద్దు. ప్రతి వారం వాడే తాడుకు ఒక ఏడాది, నెలకు రెండు మూడుసార్లయితే మూడేళ్ళు అని లెక్క వేసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్ళు. మధ్యవేలి నడి కణుపు మూడు వారాలుగా నొప్పి. పెద్దవాళ్ళు టేప్ చుట్టుకుని ఎక్కమంటున్నారట. — మణికొండ నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, ఈరోజు నుంచే ఎక్కడం ఆపించి ఎముకల డాక్టరుకు చూపించండి, ఎక్స్‌రే తీయించండి. పెద్దవాళ్ళకు వేళ్ళలో నరంలాంటి పట్టీ దెబ్బతింటుంది, వాళ్ళ టేపు సలహా దానికి సంబంధించింది. ఎదిగే పిల్లల్లో ఎముక పెరిగే చోట ఉండే మెత్తటి పొర ముందు బీటలిస్తుంది, అది ఎక్కువగా మధ్యవేలి నడి కణుపు దగ్గరే వస్తుంది. నిర్లక్ష్యం చేస్తే వేలు వంకరపోయే ప్రమాదం ఉంది. సకాలంలో ఆపితే వారాల్లో, ఒక్కోసారి నెలల్లో మామూలవుతుంది. తిరిగి మొదలుపెట్టాక కూడా ఎదుగుదల ఆగేదాకా చేతులతోనే వేలాడి ఎగిరే క్యాంపస్ బోర్డు జోలికి పోనివ్వొద్దు. వేలి చివరలు మడిచి సన్నటి అంచుల్ని పట్టే పద్ధతి తగ్గించి, తెరిచిన వేళ్ళతో పట్టే అలవాటు చేయించమని నేర్పేవాళ్ళకు చెప్పండి.

ప్రశ్న: కొండ మీద పెద్ద తేనెపట్టు కనిపిస్తే? — షాద్‌నగర్ పాఠకుడు

జవాబు: ఆ రోజు ఆ గోడ మానుకోండి. పట్టు పక్కదారిలో ఉన్నా సరే. పొగ పెట్టొద్దు, రాయి విసరొద్దు, అత్తరు పూసుకుని రావొద్దు. ఎక్కుతుండగా ఈగలు లేస్తే బిలేయర్ తాడు వదిలి పరుగెత్తకూడదు, ఎక్కుతున్నవాళ్ళను వెంటనే నేలకు దించాలి. దిగినవాళ్ళు ముఖం గుడ్డతో కప్పుకుని దూరంగా, వీలైతే మూసిన కారులోకి పోవాలి. చేతులు విసిరితే మరిన్ని వస్తాయి. ముళ్ళను గోటితో వెంటనే గీకి తీసేయాలి. పదీ పదిహేను కుట్టినా, ఒక్కటే కుట్టి పెదాలు వాచి ఊపిరాడకపోయినా 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ గుట్ట ఏ వైపు రావాలో, బండి ఎక్కడిదాకా వెళ్తుందో పొద్దున ఎక్కడం మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద రాసి మీ బ్యాగు పై జేబులో పెట్టుకోండి.